నేడు నిన్నగా మారని మనుష్యుడు

తెలుగునాట జ్ఞాపకశక్తికి గల గౌరవము ఇంతింత కాదు. అమరకోశమును గడగడ వల్లించు బాలుని చూచి ఇంటిల్లిపాదియు మురిసిపోవును. అవధాని తాను చెప్పిన పద్యములన్నింటిని తుదకు ధారణ చేసి, ఒక్క అక్షరము జారకుండ అప్పగించినప్పుడు సభ యంతయు హర్షధ్వానములతో నిండును. బడిలో తెలివిగలవాడనగా, చెప్పినది జ్ఞప్తియందుంచుకొనువాడనియే పేరు. మరపును మాత్రము మనము అంతగా పట్టించుకొనము. కండ్లజోడును నుదుటిమీద నుంచుకొని ఇల్లెల్ల వెదకు పంతులుగారిని చూచి నవ్వుకొందుము. మరచినది ఎప్పుడో జ్ఞప్తికి రానే వచ్చును. రాకున్నను బ్రదుకు సాగిపోవును.

కాని మరచుటకైనను ముందు ఆ విషయము మనస్సులో నిలిచి యుండవలెను గదా! గాదెలో పోసిన ధాన్యము పుచ్చిపోవుట ఒక నష్టము. పండిన పంటలో ఒక్క గింజయు గాదెకు చేరక, కళ్లములోనే గాలికెగిరిపోవుట వేరొక నష్టము. ఈ రెండవ విధమైన నష్టము మనుష్యుని మనస్సునకును కలుగగలదు. అట్టి నష్టమునకు గురియై, 55 సంవత్సరములు ఆ స్థితిలోనే జీవించి, జ్ఞాపకమనగా నేమో లోకమునకు నేర్పిపోయిన మనుష్యుడొకడు అమెరికా దేశములో ఉండెను. అతడు పండితుడు కాడు, శాస్త్రజ్ఞుడు కాడు. యంత్రశాలలో పని చేసికొని బ్రదికిన సామాన్యుడు. అతడు జీవించి యున్నంత కాలము వైద్యగ్రంథములలో అతని పేరు కనిపించలేదు. హెచ్.ఎం. అను రెండక్షరములే కనిపించెను. 2008లో అతడు మరణించిన పిదప గాని హెన్రీ మొలైసన్ అను అతని పూర్తి పేరు లోకమునకు వెల్లడి కాలేదు.

వ్యాధియు, చికిత్సయు

హెన్రీ గుస్తావ్ మొలైసన్ 1926 ఫిబ్రవరి 26వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములో జన్మించెను. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానము. పదియేండ్ల ప్రాయమున అతనికి మూర్ఛలు ప్రారంభమైనవి. మొదట అవి స్వల్పముగానే ఉండి, క్షణకాలము మనస్సు ఎక్కడికో పోయినట్లు తోచి మరల సర్దుకొనుచుండెను. పదునారవ యేటికి అవి తీవ్రరూపము దాల్చినవి. ఒళ్లు బిగిసి, నాలుక కరచుకొని, స్పృహ తప్పి పడిపోవుట సాధారణమయ్యెను. చదువునకు అంతరాయములు కలిగినను పట్టుదలతో పాఠశాల విద్య ముగించి, యంత్రశాలలో పనికి కుదిరెను. మందులు గొప్ప మోతాదులలో వాడినను గుణము కనిపించలేదు. 27 ఏండ్ల నిండు యౌవనములో అతడు పని మానుకొని ఇంటిపట్టున నుండవలసిన వాడయ్యెను.

ఆ కాలమున మెదడునకు శస్త్రచికిత్స చేసి మానసిక వ్యాధులను నయము చేయవచ్చునను ఉత్సాహము వైద్యలోకమును ఆవరించి యుండెను. మెదడు ముందు భాగమునకు చేయు అట్టి చికిత్సను కనుగొన్న పోర్చుగీసు వైద్యునికి 1949లో నోబెల్ బహుమానము కూడ లభించినది. హార్ట్‌ఫర్డ్ నగరములోని శస్త్రవైద్యుడు విలియం బీచర్ స్కోవిల్ ఈ మార్గమున పేరు గడించినవాడు. కణతల లోపలివైపున నున్న మెదడు భాగమునకును మూర్ఛలకును సంబంధము కలదని అప్పటికే తెలిసియుండెను. ఆ భాగమును రెండు ప్రక్కల నుండి తొలగించినచో హెన్రీకి ఉపశమనము కలుగవచ్చునని అతడు తలచెను. అది ప్రయోగాత్మకమైన చికిత్స యని తరువాత తానే వ్రాసియున్నాడు.

1953లో, ఇక్కడ ఆంధ్రరాష్ట్రము అవతరించిన ఆ సంవత్సరముననే, అక్కడ హెన్రీ మొలైసన్ కనుబొమలకు పైగా పుఱ్ఱెకు రెండు రంధ్రములు చేసి శస్త్రచికిత్స జరిపిరి. తీసివేసిన వానిలో హిప్పోకాంపస్ అను భాగము ముఖ్యమైనది. సముద్రపు గుర్రమును పోలిన వంపు గలది గనుక పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టిరి. అది ఏ పని చేయునో నాటికి ఎవరును నిశ్చయముగా ఎరుగరు.

మూర్ఛలు చాలవరకు తగ్గినవి. ఆ విధముగా చూచినచో చికిత్స ఫలించినది. కాని రోగి తేరుకొనిన తరువాత స్నానాల గదికి దారి కనుగొనలేకపోయెను. ప్రతిదినము తనకు పరిచర్య చేయు ఆసుపత్రి సిబ్బందిని గుర్తుపట్టలేకపోయెను. స్కోవిల్‌ను మాత్రము అతడు గుర్తించెను. చికిత్సకు ఎంతోముందునుండి ఎరిగిన వైద్యుడు గదా! చూపిన దారిని, చెప్పిన మాటను, వచ్చిన మనుష్యుని అతని మనస్సు పట్టి యుంచుకొనలేకపోవుచుండెను.

మాంట్రియల్ నుండి వచ్చిన పరీక్షకురాలు

కెనడా దేశములోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని కడ బ్రెండా మిల్నర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు పనిచేయుచుండెను. ఆమె ఆంగ్లదేశమున 1918లో జన్మించినది. మెదడు ఒక ప్రక్క మాత్రమే చికిత్స పొందిన ఇద్దరు రోగులలో ఇట్టి మరపునే వారిరువురును గమనించియుండిరి. ఆ సంగతి విని స్కోవిల్ తన రోగి విషయము వారికి తెలియజేసెను. 1955 ఏప్రిల్ 26వ తేదీన మిల్నర్ హెన్రీని పరీక్షించెను.

అది ఏ సంవత్సరమని అడుగగా అతడు 1953 మార్చి నెల యనెను. వయస్సు 27 అనెను. అతని లెక్కలో కాలము శస్త్రచికిత్సకు ముందరనే ఆగిపోయినది. పరీక్ష గదిలోనికి వచ్చుటకు కొంచెము ముందే వేరొక వైద్యుడు అతనితో మాటలాడియుండెను. తనతో ఎవరును మాటలాడలేదని హెన్రీ దృఢముగా చెప్పెను. అతని బుద్ధి మందగించినదా యని కొలిచి చూచిరి. బుద్ధిసూచిక 112 వచ్చెను. చికిత్సకు ముందున్న 104 కంటె అది ఎక్కువయే! తర్కము చెడలేదు, భాష చెడలేదు, మర్యాద చెడలేదు. జ్ఞాపకమునకు వేరుగా గల కొలతలో మాత్రము 67 వచ్చెను.

చికిత్స జరిగిన కొంతకాలమునకు ఆ కుటుంబము అదే వీధిలో కొలది దూరమున నున్న మరియొక ఇంటికి మారినది. పది నెలలు గడచినను కొత్త ఇంటి చిరునామా అతనికి పట్టుబడలేదు. పాత ఇంటి చిరునామాయో, తడుముకొనకుండ చెప్పును. గడ్డి కోయు యంత్రమును నిన్ననే వాడియుండినను, అది ఎక్కడ నున్నదో నేడు తల్లి మరల చెప్పవలసినదే. చదివిన పత్రికనే మరల మరల చదువును. అందలి విషయము ప్రతిసారియు అతనికి కొత్తదే. భోజనము చేసిన అరగంటకు తాను తిన్న పదార్థములలో ఒక్కదానిని కూడ చెప్పలేకపోయెను.

స్కోవిల్, మిల్నర్ కలిసి ఈ విషయములను 1957లో ప్రకటించిరి. అప్పటివరకు జ్ఞాపకము మెదడంతటను వ్యాపించి యుండునే గాని, ఒక స్థలమునకు కట్టుబడి యుండదను మతము బలముగా నుండెను. కార్ల్ లాష్లీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల మెదడులలో జ్ఞాపకపు జాడను వెదకి వెదకి, ఫలానాచోట నున్నదని చెప్పలేకపోయెను. హెన్రీ స్థితి ఆ మతమును కదలించినది. జ్ఞాపకములను నిలుపుటకు మెదడులో ప్రత్యేకమైన భాగమొకటి అవసరమని తేలినది. అయినను ఆ భాగము సమస్తమును దాచియుంచు కొట్టుగది కాదు. అది పోయినను హెన్రీకి బాల్యము జ్ఞప్తియందున్నది, మాతృభాష ఉన్నది, లోకజ్ఞానమున్నది. చికిత్సకు ముందరి కొన్ని సంవత్సరముల సంగతులు కూడ అతనికి మసకబారియుండుటనుబట్టి, కొత్త జ్ఞాపకము స్థిరపడుటకు దీర్ఘకాలము పట్టుననియు, అంతవరకు దానికి ఈ భాగము యొక్క ఆసరా కావలెననియు శాస్త్రజ్ఞులు ఊహించిరి.

అనుభవమునకు సంస్కారము తోడుపడనప్పుడు

ఈ స్థితిని అర్థము చేసికొనుటకు తెలుగు పాఠకునకు చేరువలోనే ఒక సాధనమున్నది. ఆంధ్రుడని ప్రతీతి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహములో జ్ఞానమును స్మృతి యనియు, అనుభవమనియు రెండుగా విభజించెను. సంస్కారము మాత్రమే కారణముగా పుట్టు జ్ఞానము స్మృతి యని ఆయన నిర్వచనము. అనగా చూచుట అనుభవము. చూచినది మనస్సుపై వేసిన ముద్ర సంస్కారము. ఆ ముద్ర మేల్కొనుట స్మృతి. హెన్రీకి అనుభవమున్నది. చూచుచున్నాడు, వినుచున్నాడు, అర్థము చేసికొనుచున్నాడు. పాత సంస్కారములును ఉన్నవి. కొత్త అనుభవము సంస్కారముగా మారు ఆ నడిమి మెట్టు మాత్రమే విరిగిపోయినది.

దుష్యంతుని మరపునకును దీనికిని గల భేదమిదియే. దుర్వాసుని శాపముచే శకుంతల అతనికి జ్ఞప్తికి రాలేదు గాని, ఆమె ముద్ర అతని హృదయములో చెరగిపోలేదు. జాలరి తెచ్చిన ఉంగరమును చూచినంతనే కప్పియున్న తెర తొలగి సర్వమును స్ఫురించినది. హెన్రీకి ఏ ఉంగరమును చూపి లాభము లేదు. తెర తొలగించినను వెనుక నుండవలసిన చిత్రము అక్కడ లేదు. కావున అట్టి రోగిని జ్ఞాపకము చేసికొమ్మని వేధించుట, ఎన్నడును వ్రాయని పలకను చదువుమనుట వంటిది.

అట్లని అతని మనస్సు విన్నది విన్నట్లే జారవిడుచునని తలపరాదు. మిల్నర్ ఒకనాడు 584 అను సంఖ్యను చెప్పి, దీనిని జ్ఞప్తియందుంచుకొనుమని అతనిని ఒంటరిగా విడిచిపెట్టెను. పావుగంట తరువాత అడుగగా అతడు తప్పులేకుండ చెప్పెను! ఎట్లు సాధ్యమైనదని ప్రశ్నింపగా తన ఉపాయము వివరించెను. అయిదు, ఎనిమిది, నాలుగు కలిపినచో 17. ఎనిమిదిని గుర్తుంచుకొని, దానిని 17 నుండి తీసివేసినచో తొమ్మిది మిగులును. తొమ్మిదిని రెండుగా చీల్చినచో అయిదు, నాలుగు. ఆ అయిదు నాలుగులకు నడుమ గుర్తున్న ఎనిమిదిని ఉంచినచో 584. ఈ లెక్కను అతడు ఆ పావుగంటయు మనస్సులో త్రిప్పుచునే యుండెను. తరువాత సంభాషణ వేరొక విషయమునకు మరలినది. ఒక నిమిషము గడచినదో లేదో, సంఖ్య మాట అటుండగా, తనకొక సంఖ్యను ఇచ్చిరను సంగతియే అతనికి లేదు.

అవధానసభలో అప్రస్తుత ప్రసంగము చేయువాని పని ఏమి? అవధాని చిత్తమును ప్రక్కకు లాగుట. అవధాని ఆ చమత్కారమునకు బదులు చెప్పి, నవ్వించి, విడిచిన పద్యపాదమును విడిచిన చోటనే అందుకొనును. చిత్తము ప్రక్కకు పోయినను పాదము పోలేదు. లోపల ఎక్కడనో పదిలముగా నున్నది. హెన్రీకి చిత్తము పట్టియున్నంతసేపే విషయముండును. పట్టు సడలినంతనే పోవును. క్షణికముగా పట్టియుంచు శక్తి వేరు, శాశ్వతముగా నిలుపు శక్తి వేరు అను సిద్ధాంతమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దుర్లభము. ఉపాధ్యాయులకు ఇందొక హెచ్చరిక కూడ కలదు. వల్లించుచున్నంతసేపు నాలుకపై నున్నదంతయు నేర్చుకొనిన విద్య కాదు. పెదవులు ఆగిన తరువాత ఏమి మిగిలినదో అదియే విద్య.

చేతికి గల జ్ఞాపకము

అన్నియు పోయినవనుకొనిన చోట మిల్నర్ ఒక వింతను కనుగొనెను. కాగితముపై జంటగీతలతో నక్షత్రము గీసియుండును. ఆ రెండు గీతల నడుమ పెన్సిలు పోనిచ్చి నక్షత్రమును చుట్టి రావలెను. అయితే చేతిని నేరుగా చూడరాదు. అద్దములో చూచుచు గీయవలెను. అద్దములో దిక్కులు తారుమారగుటచే ఎంతటివానికైనను మొదట చేయి వంకరపోవును. సాధన చేసినకొలది కుదురుపడును. హెన్రీ మూడు దినములు, 30 మార్లు ఈ పని చేసెను. తప్పులు క్రమముగా తగ్గిపోయినవి. మూడవనాటికి అతని చేయి నదురుబెదురు లేక నక్షత్రమును చుట్టివచ్చెను. అతడు మాత్రము ఆ పనిని తానెన్నడును చేసియుండలేదనియే తలచుచుండెను! ఇది కష్టమనుకొంటినే, ఇంత సులభముగా వచ్చినదేమి యని తానే ఆశ్చర్యపడెను.

దీనికి పూర్వమే 1911లో జెనీవా వైద్యుడు క్లాపరేడ్ ఇట్టి సంగతి నొకదానిని ప్రకటించియుండెను. మరపువ్యాధి గల ఒక స్త్రీ తన వైద్యుని కూడ ప్రతిసారియు కొత్తవానినిగనే చూచుచుండెను. అతడొకనాడు వ్రేళ్ల నడుమ సూది దాచుకొని ఆమెకు కరచాలనము చేసెను. ఆ నొప్పి సంగతి ఆమె త్వరలోనే మరచినది. కాని మరల అతడు చేయి చాచగా ఆమె తన చేతిని వెనుకకు తీసికొనెను. ఏలనని అడుగగా, చేతులలో సూదులు దాచువారును ఉందురు గదా యని బదులు చెప్పెనే గాని, ఎప్పుడు, ఎవరు గ్రుచ్చిరో చెప్పలేకపోయెను.

ఇట్టి పరిశీలనల మీదనే జ్ఞాపకము ఒక్కటి కాదను సిద్ధాంతము నిలువబడినది. ఇది ఇట్లు జరిగినదని చెప్పగల జ్ఞాపకము ఒక రకము. ఈ పనిని ఇట్లు చేయవలెనని చేతికి, కంటికి, కాలికి గల జ్ఞాపకము మరియొక రకము. 1980లో నీల్ కోహెన్, లారీ స్క్వైర్ అను శాస్త్రజ్ఞులు ఈ భేదమును మరింత స్పష్టపరచిరి. ఈదుట నేర్చినవాడు నేర్చిన దినమును మరచినను నీటిలో మునుగడు. మగ్గము నేసిన చేతికి, వీణ మీటిన వ్రేలికి తమదైన స్మృతి కలదు. దాని నివాసము వేరు, దాని మార్గము వేరు.

హెన్రీ విషయములో మొదటి మార్గము కూడ పూర్తిగా మూతపడలేదు. చికిత్స జరిగిన అయిదేండ్లకు కాపురము మార్చిన ఒక ఇంటిలో చిరకాలము నివసించుటచే, ఆ ఇంటి గదుల అమరికను తరువాత అతడు కాగితముపై గీయగలిగెను. అధ్యక్షుడు కెన్నడీ హత్యకు గురియైనట్లు అతనికి తెలియును. చికిత్స తరువాతి కాలమున ప్రసిద్ధికెక్కిన కొందరి పేర్లును అక్కడక్కడ నిలిచినవి. రాతిపై నిరంతరముగా జారు నీరు సైతము ఎప్పటికో ఒక చార వదలిపోవునట్లు, అనుదినము ఎదురైనది ఏ కొంచెమో అతనిలో అంటుకొనెను.

ప్రతిసారియు కొత్తదైన దుఃఖము

పరీక్షలు రోగి శక్తిని కొలువగలవు. రోగి బ్రదుకును కొలువలేవు. హెన్రీకి ప్రియమైన పినతండ్రి వంటి బంధువొకడు మరణించెను. ఆ వార్త విని అతడు మిక్కిలి కలతజెందెను. కొంతసేపటికి వార్త పోయెను. మరికొన్నాళ్లకు ఆ బంధువు ఎప్పుడు వచ్చునని తానే అడిగెను. మరణించెనని మరల చెప్పిరి. మరల అదే దుఃఖము, అంతే తీవ్రముగా. లోకమున మృతుల కొరకు ఏడ్చువారి శోకము దినదినమునకు కొంత కొంత చల్లారును. పదియవనాటి ఏడుపు మొదటినాటి ఏడుపు కాదు. కాలమే గొప్ప వైద్యుడని పెద్దలందురు. ఆ వైద్యుడు హెన్రీ ఇంటి గడప తొక్కలేదు. శోకమును మాన్పునది మరపని మనము తలచెదము గాని, శోకము మానుటకును జ్ఞాపకమే కావలెనని అతని బ్రదుకు చూపుచున్నది.

తండ్రి గతించిన తరువాత, ఆ సంగతిని చీటిపై వ్రాసికొని అతడు తన జేబుసంచిలో ఉంచుకొనెనట. తల్లి శుశ్రూషాలయములో నున్నదని తెలుపు చీటి మరియొకటి. సంస్కారము చేయవలసిన పనిని కాగితముచేత చేయించుకొన జూచిన ఆ ప్రయత్నములో ఎంత వివేకమున్నదో, అంత వేదన యున్నది.

అతడు మూఢునివలె సంతోషముతో కాలము గడపినాడనుకొనుటయు పొరపాటే. ఈ క్షణమున అంతయు స్పష్టముగానే యున్నదనియు, దీనికి ముందు ఏమి జరిగినదో యనునదే తన చింత యనియు అతడు మిల్నర్‌తో చెప్పెను. తాను ఏదైన తప్పు చేసితినా, అనరాని మాట అంటినా యని సంకోచపడుచుండెను. కల నుండి అప్పుడే మేల్కొనినట్లు తనకు తోచుచుండునని అతని పోలిక. గడచిన క్షణమునకు తాను జవాబుదారి యని ఎరిగియు, ఆ క్షణము ఏమో ఎరుగలేని సత్పురుషుని బాధ అది.

అయినను అతడు ఇతరులపై విసుగుకొనిన సందర్భములు అరుదు. పదముల చిక్కుముడులు విప్పు ఆట అతనికి ఇష్టము. 1962 నుండి అతనిని ఎరిగి, దశాబ్దముల తరబడి పరిశీలించిన సుజాన్ కార్కిన్‌ను అతడు పేరుపెట్టి గుర్తించలేకపోయెను గాని, తనతో పాఠశాలలో చదివినదని భావించుచుండెను. ఎవరో ఎరుగడు, పరాయిది కాదని మాత్రము ఎరుగును. తనను పరీక్షించి తెలిసికొనినది మరియొకరికి ఉపకరించునను తృప్తిని అతడు పలుమార్లు వెలిబుచ్చెను.

తీరని ఋణము

1980లో శుశ్రూషాలయమునకు చేరిన హెన్రీ అక్కడనే 28 సంవత్సరములు గడపి, 2008 డిసెంబరు 2వ తేదీన 82వ యేట మరణించెను. మరుసటి యేడు డిసెంబరులో సాన్ డియేగో నగరమున శాస్త్రజ్ఞులు అతని మెదడును 53 గంటలపాటు ఎడతెగక కోసి, 2401 పలుచని పొరలుగా భద్రపరచిరి. శాస్త్రమునకు అతడిచ్చినది ఎంతో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

కాని అతడు ఇచ్చెనా, లేక వారు తీసికొనిరా? ప్రయోగమునకు సమ్మతింతువా యని అడిగిన ప్రశ్నను కొలది నిమిషములలో మరచువాని సమ్మతికి విలువ ఎంత? స్కోవిల్ మనుమడైన ల్యూక్ డిట్రిచ్ 2016లో ప్రకటించిన గ్రంథములో ఈ ప్రశ్నను గట్టిగానే లేవనెత్తెను. స్కోవిల్ కూడ ఇట్టి చికిత్స మరెవ్వరికిని చేయవలదని వైద్యలోకమును హెచ్చరించెను. ఒకని నష్టము పదిమందికి జ్ఞానమైనది. ఆ జ్ఞానమును అనుభవించువారు నష్టపోయినవానిని మనుష్యునిగా తలచుకొనుటయే కనీస ధర్మము.

ఆ ధర్మము సుదూరదేశపు హెన్రీతో తీరిపోవునది కాదు. వార్ధక్యములో వచ్చు అల్జీమర్ వ్యాధి తొలుత దెబ్బతీయు మెదడు భాగములలో హిప్పోకాంపస్, దాని పరిసరములు ముఖ్యమైనవి. కావున హెన్రీవంటివారు నేడు మన ఇండ్లలోనే, వసారాలలోని పడక కుర్చీలలోనే ఉన్నారు. నాయనమ్మ అడుగును: "పెద్దవాడు ఊరినుండి వచ్చెనా?" రాలేదని చెప్పుదుము. అయిదు నిమిషములకు మరల అదే ప్రశ్న. "ఇప్పుడే గదా చెప్పితిని!" యని కసరుకొందుము. వినువానికి అది పదియవ ప్రశ్న. అడుగు నాయనమ్మకు అది మొదటి ప్రశ్న. ఈ ఒక్క భేదమును గ్రహించినచో సగము విసుగు తగ్గును.

మిగిలిన సగమునకు మరియొక సత్యము తోడ్పడును. 2010లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు హిప్పోకాంపస్ దెబ్బతిన్న అయిదుగురు రోగులకు విషాదభరితమైన చలనచిత్ర భాగములను చూపిరి. కొలదిసేపటికి చూచినది వారికి జ్ఞప్తి లేదు. విషాదము మాత్రము వారిలో నిలిచియే యున్నది. ఏల దుఃఖించుచున్నారో ఎరుగకయే వారు దుఃఖించుచుండిరి. సంతోషకరమైన దృశ్యములు చూపినప్పుడు సంతోషమును అట్లే కొంతకాలము నిలిచెను. కసరిన మాటను నాయనమ్మ మరచిపోవచ్చును. ఆ మాట చేసిన గాయము మిగిలియుండును. చేయి పట్టుకొని చెప్పిన తీపిమాట జారిపోవచ్చును. దాని చల్లదనము ఆ పూటకైనను ఆమెతో నుండును. "ఎట్లును మరచిపోవును గదా, ఏమన్ననేమి?" యనువారు ఈ సంగతిని గమనింతురు గాక.

గుర్తున్నదా యని పరీక్షించుటకు బదులు, గుర్తు చేయవలసినదానిని మనమే చెప్పవచ్చును. "నేను ఎవరినో చెప్పుకొనుము" అనుట కంటె, "నాయనమ్మా, నేను నీ చిన్న మనుమడను" అని చెంత కూర్చుండుట మేలు. పాత పాటను పాడించవచ్చును. చేతికి పూలిచ్చి మాల కట్టించవచ్చును. చేతుల స్మృతి ఇంకను చెడలేదని హెన్రీ నక్షత్రము చెప్పుచునే యున్నది. ఆమె పోగొట్టుకొనిన నిన్నను ఎవరును తెచ్చియీయలేరు. ఆమెకు మిగిలిన నేటిని కాపాడుట మాత్రము చెంతనున్న వారి చేతిలో నున్నది.